ఉయ్యాలలో ముసుగు రాజు

మా హాల్లో టీవీ పక్కన ఒక గాజు బీరువా ఉంది. నిండా బొమ్మలే. దేవుళ్ళు కాదు, కొండపల్లివీ కాదు. ఇంగ్లీషు సినిమాల్లో వచ్చే వీరులు, విలన్లు, మరమనుషులు, వేరే గ్రహాలవాళ్ళు. జానెడు ఎత్తున ఉండి, చేతులూ కాళ్ళూ మడిచే వీలున్నవాళ్ళు. ఇంటికొచ్చినవాళ్ళు వాటిని చూసి మనవళ్ళవా అని అడుగుతారు, లేదంటే మర్యాదగా చూపు తిప్పుకుంటారు. రెండూ నాకు అలవాటే. పోయిన ఆదివారం వచ్చిన కిరణ్ మాత్రం ఆ రెండూ చెయ్యలేదు. కిరణ్ నా బావమరిది కొడుకు, శ్రీ సిటీలో ఒక ఫ్యాక్టరీలో ఇంజనీరు. వాడికీ ఈ పిచ్చి ఉందని నాకు అంతవరకు తెలియదు. చెప్పులు విప్పి నేరుగా బీరువా ముందుకు పోయి, గొంతుక్కూర్చుని, కింది అర నుంచి ఒక్కొక్కటే చూసుకుంటూ పైకి వచ్చి ఒకచోట ఆగాడు.

"మామా, ఈ సెట్లో ఒకటి తక్కువుండాదే. ఇనప ముసుగు రాజు యాడ?"

"లేడు," అన్నాను.

వంటింట్లో నా భార్య సుజాత దోసెలు పోస్తోంది. గరిటె చప్పుడు కాసేపు ఆగి మళ్ళీ మొదలైంది. కిరణ్ తన ఫోన్ తీశాడు. ఇప్పుడు పాత బొమ్మలన్నీ ఫోన్లోనే దొరుకుతాయని, కావాలంటే వారంలో తెప్పిస్తానని అన్నాడు. వద్దులే అన్నాను. దోసెలు తిని, తన బీరువా ఫోటోలు చూపించి, సినిమా వీరుల బొమ్మలున్న చొక్కాలు తనకూ భార్యకూ ఒకే రకానివి కొన్నానని చెప్పి వెళ్ళిపోయాడు. వాడికి ఈ విషయంలో సిగ్గన్నది లేదు. మంచిదే. నాకుండేది.

అప్పట్లో నేను మందుల కంపెనీ రెప్రజెంటేటివ్‌ని. తిరుపతిలో కొర్లగుంట వైపు ఒక మేడ మీద రెండు గదుల వాటాలో ఉండేవాణ్ణి. నల్ల బ్యాగు, మెడకు టై, నెత్తిన ఎండ. శ్రీకాళహస్తి, పుత్తూరు, చిత్తూరు, పాకాల తిరగడం నా ఉద్యోగం. రోగుల మధ్య గంటలు కూర్చుని, డాక్టరు పిలిచాక నిలబడే నాలుగు మాటలు చెప్పి బయటపడాలి. నెలకొకసారి మద్రాసులో మీటింగు ఉండేది. అది అయిపోయాక తోటివాళ్ళు బీచికో బారుకో పోతే నేను హార్బరు వైపు అంగళ్ళకు పోయేవాణ్ణి. సెంటు సీసాలు, కాలిక్యులేటర్లు అమ్మే బడ్డీల వెనక, అట్టకు ప్లాస్టిక్ బుడగ అంటించి అందులో బొమ్మను కూర్చిన ప్యాకెట్లు వేలాడుతుండేవి. అంగడివాడు బిడ్డకా సార్ అని అరవంలో అడిగేవాడు. ఆమా అనేవాణ్ణి. నాకే అని చెప్పేంత ధైర్యం ఆ వయసులో లేదు. ఒక్కటి మాత్రం నేర్చుకున్నాను. ప్యాకెట్టు చేతికి రాగానే ముందు మొహం చూడాలి. ఒళ్ళంతా అచ్చులో పోసిందే కాబట్టి తేడా ఉండదు. కళ్ళు, కనుబొమలు, పెదవులు ఎవరో చేత్తో దిద్దినవి. రంగు అటూ ఇటూ జరిగితే అదే వీరుడు మెల్లకన్నుతో చూస్తాడు. వెలుతురులోకి తెచ్చి, తిప్పి తిప్పి చూసి, మొహం బాగుంటేనే తీసుకునేవాణ్ణి.

ఆ సినిమాలు మాకు తెలుగులోనే వచ్చేవి. ఏ నక్షత్రంలోనో పుట్టిన దొర నోరు తెరిస్తే గోదావరి జిల్లా మాట వినిపించేది. మా తిరుపతి థియేటర్లలో ఇంకో విశేషం ఉండేది. కొండ దిగి బస్సుకో రైలుకో టైముండే యాత్రికులు ఏసీ చల్లదనం కోసం మార్నింగ్ షోకి వచ్చేసేవాళ్ళు. ముందు వరసలన్నీ అప్పుడే గీయించిన గుండ్లు, వాటికి పూసిన గంధం. హాలంతా గంధం వాసన, మూటల్లోంచి లడ్డూల వాసన. తెర మీద వేరే గ్రహం మనిషి బోడి తలతో వచ్చి నిలబడితే తెర ముందు అన్నీ బోడి తలలే. కథ అర్థం కాక సగంమంది నిద్రపోయేవాళ్ళు. విలన్ చచ్చేటప్పుడు మాత్రం అందరూ లేచి గోవింద కొట్టేవాళ్ళు. నేను ఆ సినిమాలను ఎంత శ్రద్ధగా చూసేవాణ్ణంటే, పక్కవాడు నా భుజం మీద తల పెట్టి నిద్రపోయినా కదిలేవాణ్ణి కాదు.

సుజాతది పాకాల. వాళ్ళ నాయన రైల్వేలో గార్డు. పెళ్ళయి వాటాలోకి వచ్చిన మర్నాడు, మంచం కింద అట్టపెట్టె లాగి చూసింది.

"ఎవురి పిల్లోళ్ళవి ఇవి?"

"నావే."

"ఆడుకుంటారా?"

"లేదు. ఊరికే పెట్టుకుంటా."

ఒక బొమ్మను చేతిలోకి తీసుకుంది. "మా నాయన రైలు టికెట్లు దాసిపెట్టుకోనుండాడు. వాటికన్నా ఇవే మేలు. మొహాలుండాయి," అంది. తర్వాత నెలకే పాత సామాన్ల అంగట్లో ఈ గాజు బీరువా కొని, రిక్షాలో వేయించుకుని తనే తెచ్చింది. అంతవరకు పెట్టెలో పడుకున్నవాళ్ళు నిలబడ్డారు. శుక్రవారం ఇల్లు కడిగాక రంగులేసే చిన్న బ్రష్షుతో ఒక్కొక్కరి దుమ్ము దులిపేది. ఆ పనిలో వాళ్ళకు పేర్లు పెట్టింది. సినిమాలో పేర్లకు ఆమె నోరు తిరిగేది కాదు. మరమనిషి మునసామి అయ్యాడు. ఆకుపచ్చ రాక్షసుడు గంగులు. కత్తి పట్టుకున్న వీరవనిత మునెమ్మ. పెద్ద కళ్ళ వింత జీవికి మాత్రం నా మేనత్త పేరు పెట్టింది, ఆ పోలిక నేనూ కాదనలేకపోయాను. కొత్త ప్యాకెట్టు విప్పగానే వచ్చే వాసనను ఆమె కొత్త బకెట్టు వాసన అనేది. విప్పకుండా దాచిపెట్టేవాళ్ళే అసలైన కలెక్టర్లని ఎక్కడో చదివాను. మా ఇంట్లో అది సాగలేదు. విప్పకపోతే పేరెట్లా పెట్టేదని ఆమె వాదన.

ఊరికి ఇది తెలిసిపోయింది. గంగమ్మ జాతరకు మీసాలున్న మగవాళ్ళు చీరలు కట్టి, ఒంటికి బొగ్గూ సున్నమూ పూసుకుని వీధుల్లో వేషాలు కట్టే ఊరిది. వాళ్ళను చూసి ఎవరూ నవ్వరు. నన్ను చూసి నవ్వేవాళ్ళు. కింద వాటాలో ఉండే ఇంటి ఓనరమ్మ బీరువా చూసినప్పుడల్లా, ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగమంట అని సామెత విసిరేది. ఆలు ఉంది కదా, చూలే లేనిది. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ సామెత బరువెక్కి, చివరికి ఆమే అనడం మానేసింది.

మా అమ్మ లెక్క వేరు. ఐరాల దగ్గర మా పల్లె నుంచి బస్సులో వచ్చేది. ఆమె గుమ్మంలోకి రాకముందే సంచిలోంచి బెల్లం వాసన వచ్చేది. రాగిపిండి, శెనక్కాయలు, రెండు మూడు రకాల ఊరగాయలు. కాళ్ళు కడుక్కుని, వక్క నోట్లో వేసుకుని బీరువా ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చునేది. నేను పుట్టబోయే బిడ్డకోసం బొమ్మలు కూడబెడుతున్నానని ఆమె నమ్మకం. పోయినసారికి ఇప్పటికి ఎన్ని పెరిగాయో చూసి తృప్తిపడేది. "నా కొడుక్కు ముందుసూపు జాస్తి. బిడ్డ పుట్టకముందే అన్నీ తెచ్చిపెట్టినాడు," అని పల్లెలో చెప్పుకునేదట.

"అవి బిడ్డకు కాదుమా, నాకే," అని ఒకసారి చెప్పి చూశాను.

"మీసాలొచ్చినోడికి బొమ్మలేందిరా. సిగ్గుపడతా ఉండావులే," అని కొట్టిపారేసింది.

చాలా ఏళ్ళకు సుజాత నీళ్ళోసుకుంది. అమ్మ మూటాముల్లె సర్దుకుని వచ్చేసింది. తెల్లవారకముందే లేచి కుళాయి దగ్గర బిందెలు పెట్టడం, సుజాతకు సంగటి కెలికి పెట్టడం, పగలంతా పాత చీరలు చించి గుడ్డలు మడవడం. మా గదుల్లో కుంకుడుకాయ వాసన, కాగిన నెయ్యి వాసన. ఆరో నెలలో ఒక మంగళవారం చంద్రగిరి అవతల ఒక గుట్ట మీదుండే అమ్మవారి గుడికి తనొక్కతే బస్సెక్కి పోయింది. బిడ్డ కోసం మొక్కుకున్నవాళ్ళు అక్కడ గుడి వెనక ఇనప కటకటాలకు చెక్క ఉయ్యాల కట్టి, అందులో ఒక బొమ్మను పడుకోబెట్టి వస్తారు. బిడ్డ క్షేమంగా పుట్టాక ఎత్తుకుపోయి ఆ ఉయ్యాల విప్పుతారు. సాయంత్రం తిరిగొచ్చి, నాకు అన్నం పెడుతూ ఆ సంగతి చెప్పింది.

"బొమ్మ యాడ కొన్నావుమా?"

"కొనేదేంది? ఉయ్యాల్లో పండుకోబెట్టేది ఇంట్లోదే అయ్యుండల్ల. అంగట్లోది పెడితే ఆ అంగడోడి ఇంట్లో పుడతాది బిడ్డ. మన బీరువాలో నుంచే తీసకపొయినా."

చేతిలో ముద్ద ఆగిపోయింది. "ఏది?"

"ముసుగేసుకోనుండాడే, ఆయప్ప. సూసి సూసి ఏరినా. మొగం కనపడితే గదా దిష్టి తగిలేది. ఈయప్పకు ఏ కన్నూ తగల్దు. పసుపు గుడ్డలో సుట్టి, పండుకోబెట్టి, రొండు సార్లు ఊపి వచ్చినా."

మద్రాసులో ఎన్నో నెలలు తిరిగితే దొరికినవాడు ముసుగు రాజు. సెట్టు ఆయనతోనే నిండింది. అంతకన్నా పెద్ద చిక్కు, ఆ సినిమాలన్నిటిలో ఆయనంత దుర్మార్గుడు లేడు. ఆ సంగతి అమ్మకు చెప్పి ప్రయోజనం లేదని తిని లేచాను. చెయ్యి కడుక్కుంటూ వంటింట్లో సుజాతకు గుసగుసగా చెప్పాను. ఆమెకు ఆ సినిమాలన్నీ తెలుసు. నాతో వచ్చి చూసిందే.

"ఊర్లకు ఊర్లు కాల్చినాడు గదా ఆయప్ప," అంది.

"అవును."

"అయితే మన బిడ్డ జోలికి ఎవురూ రారు పోండి."

అమ్మకు వినపడకుండా నవ్వబోయి, ఆగలేక, ఒక చెయ్యి గట్టు మీద, ఒక చెయ్యి కడుపు మీద పెట్టుకుని నవ్వింది. నవ్వుతూనే నా చెయ్యి లాగి కడుపుకు ఆనించుకుంది. "సూడండి, తంతా ఉండాది. నేను నవ్వితే దానికీ నవ్వే," అంది. నా అరచేతికి తగిలింది. ఆ వాటాలో మేమున్న కాలమంతటిలో నాకు బాగా గుర్తున్నది ఆ సాయంత్రమే.

ఎనిమిదో నెలలో ఒక మధ్యాహ్నం, పొద్దున్నుంచి బిడ్డ కదలడం లేదని సుజాత అంది. ఆస్పత్రికి పోయాం. డాక్టరమ్మ నాకు తెలిసినామే, నా బ్యాగులో మందులు రాసేది. ఎన్నేళ్ళుగానో ఆ బల్ల ముందు నిలబడి మాట్లాడినవాణ్ణి. ఆ రోజు మొదటిసారి నన్ను కుర్చీలో కూర్చోమంది. దాంతోనే నాకు తెలిసిపోయింది. ఆపరేషన్ చేశారు. ఇక పిల్లలు పుట్టే వీలు లేదని కూడా ఆ కుర్చీలోనే విన్నాను. విని తలూపాను. మందుల గురించి చెప్పేటప్పుడు డాక్టర్లు నాకు ఊపే తల అది.

మా వైపు కడుపులోనే పోయిన బిడ్డకు కర్మలుండవు. పేరుండదు. తల్లికి చూపించరు. మగవాళ్ళు తీసుకుపోయి పూడ్చి, స్నానం చేసి, రోజూ తినేదే తింటారు. మా నాయన ఐరాల నుంచి బస్సులో వచ్చి నా పక్కన నిలబడ్డాడు. సుజాతకు ఇంకా మత్తు వదల్లేదు. అమ్మ నన్ను వరండా చివరికి తీసుకుపోయింది.

"ఆడబిడ్డో మగబిడ్డో దానికి చెప్పొద్దు నాయనా. తెలిస్తే పేరు పెట్టుకుంటాది. పేరు పెట్టుకున్నాక పిలస్తానే ఉంటాది, సచ్చేదాకా. నా మీద ఒట్టు," అంది.

సరే అన్నాను. జీపు మాట్లాడుకుని మా చేని దగ్గరకు పోయాం. చెరుకు గట్టు పక్కన నాయన తవ్వాడు. తవ్వినంతసేపు నేను ఎత్తుకుని నిలబడ్డాను. తువ్వాలు పక్కకు తీసి మొహం చూశాను. ఏ లోపమూ లేదు. కనుబొమలు సన్నగా, సమంగా ఉన్నాయి. పెదవుల గీత చక్కగా ఉంది. వెలుతురు సరిగా పడేట్టు కొంచెం తిప్పి కూడా చూశాను. నాకు చేతనయింది అదొక్కటే, ఆ పనే చేశాను. ఏడుపు రాలేదు. నాయన చేతులు చాచాడు, ఇచ్చాను. బోరు నీళ్ళ కింద స్నానం చేసి, ఆ మధ్యాహ్నం సంగటీ, శెనక్కాయల ఊరుబిండి పచ్చడీ తిన్నాను. ఆకలిగానే ఉండింది.

సుజాత ఇంటికొచ్చాక గోడవైపు తిరిగి పడుకునేది. అమ్మ బీరువాలోవన్నీ మూటగట్టి ఎవరికైనా ఇచ్చేయమంది. "ఖాళీ ఇంట్లో ఇవి ఎందుకు నాయనా." అప్పుడు సుజాత అటు తిరిగే మాట్లాడింది. "ఉండనీండత్తా. శుక్రారం వస్తే తుడిసేదానికి ఏదో ఒకటి ఉండల్ల గదా." అమ్మ మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. తర్వాత ఎప్పుడొచ్చినా బీరువాకు వీపు పెట్టి కూర్చునేది. ఉయ్యాల సంగతి ఆమె అనలేదు, నేనూ అనలేదు. ముసుగు రాజు మీద వేసిన జోకు సుజాతకూ నాకూ గుర్తుందని ఇద్దరికీ తెలుసు.

నేను డ్యూటీకి పోయాను. నెలనెలా మద్రాసు పోయాను. అంగడివాడు బిడ్డకా సార్ అంటే ఆమా అన్నాను. మొహం చూడకుండానే కొనేవాణ్ణి. ఆ సినిమాల్లోనే ఇంకొకటి కొత్తగా వస్తే మొదటి రోజే పోయి కూర్చున్నాను. విలన్ చచ్చాడు, గుండ్లన్నీ లేచి గోవింద కొట్టాయి. నాకు సినిమా కనపడింది, వినపడింది, అంతే. బాగుందో లేదో ఇప్పటికీ చెప్పలేను. అలవాటు ఆగలేదు, ఇష్టం ఎప్పుడు ఆగిందో గమనించలేదు. సుజాత శుక్రవారం శుక్రవారం బ్రష్షు పట్టుకునేది. కొత్తగా వచ్చినవాళ్ళకు మాత్రం పేర్లు పెట్టడం మానేసింది. నేనూ విప్పడం మానేసి ప్యాకెట్లను మంచం కిందకు తోసేశాను. ఆ విధంగా నేను అసలైన కలెక్టర్ని అయ్యాను. చంద్రగిరి డ్యూటీ పడిన ఒక రోజు ఆ గుట్ట ఎక్కాను. కటకటాలకు కొత్త రంగు వేశారు. అన్నీ కొత్త ఉయ్యాలలే. పాతవి ఏం చేశారని అడగాలనిపించలేదు, దిగి వచ్చేశాను.

కిరణ్ వయసు పిల్లలు ఆఫీసు బల్లల మీద ఈ బొమ్మలు పెట్టుకుంటున్నారు. పెద్దవాళ్ళు కూడా అడిగి పట్టుకుని చూస్తున్నారు. నాకు దాన్ని చూస్తే అసూయ లేదు, సంతోషమూ పెద్దగా లేదు. ఆ కాలంలో ఎన్నో చిన్న విషయాలకు సిగ్గుపడి దాచుకున్నాం. పెద్ద విషయాలను పెద్దవాళ్ళు దాచమన్నారని దాచాం. అమ్మ చెడ్డది కాదు. ఆమె కడుపున పుట్టిన ఇద్దరు పోయారని, ఆ రెండు పేర్లూ ఆమె చివరిదాకా నిద్రలో పిలిచేదని నాయన నాకు చాలా ఆలస్యంగా చెప్పాడు. తను పడిన బాధ కోడలికి వద్దనుకుంది. పోయినేడాది అమ్మ పోయింది.

ఆ ఆదివారం కిరణ్ వెళ్ళాక, సుజాత వంటింటి దీపం ఆర్పి వచ్చి నా ఎదురుగా కుర్చీలో కూర్చుంది.

"కిరణ్ పెండ్లాం ఫోన్లో చెప్పింది. వాళ్ళ ఆఫీసులో ఒకామెకు నాకైనట్లే అయిందంట. ఇప్పుడు తల్లికి చూపిస్తారంట. ఎత్తుకోనిస్తారంట. ఫోటో కూడా తీసిస్తారంట."

"మంచిదే," అన్నాను.

"అత్త చెప్పొద్దనిందా మీకు?"

"అవును. ఒట్టు పెట్టించుకునింది."

"మాయమ్మ నన్ను అడగొద్దనింది. అడిగితే మీరు చెప్పేస్తారని." కొంగుతో చేతులు తుడుచుకుంది, తడి లేకపోయినా. "అత్త లేదు, మాయమ్మా లేదు. ఇప్పుడు చెప్పండి."

"ఆడబిడ్డ," అన్నాను.

తలూపింది. "ఎవురి పోలిక?"

"నీ ముక్కే. కనుబొమలు కూడా నీవే. జుట్టు దండిగా ఉండింది, నల్లగా." ఇంత వివరంగా చెప్పగలనని నాకే తెలియదు. చెవులు, గోళ్ళు, గడ్డం కింద చిన్న మడత, అన్నీ చెప్పాను. ఒక్కటీ మరిచిపోలేదు. 

అంతా విని అప్పుడు చెప్పింది. ఎవరూ చెప్పకపోయినా, కళ్ళతో చూడకపోయినా, ఆస్పత్రి మంచం మీదే పేరు పెట్టేసుకుందట. ఆడో మగో తెలియదు కాబట్టి రెండు పెట్టుకుందట. ఇన్నేళ్ళూ రెండు పేర్లతోనూ పిలుస్తూ వచ్చిందట, ఒకరోజు ఒకటి, ఇంకోరోజు ఇంకొకటి, ఏది అసలు బిడ్డదో తెలియక. మగపేరు ఏదో నాకు చెప్పలేదు, ఇక దానితో పనిలేదంది. ఆడపేరు మాత్రం పైకి పలికింది. మీరూ ఒకసారి పిలవండి అంది.

పిలిచాను.